టికెట్ మీది, ఇల్లు దానిది

(హైదరాబాద్‌లో వీధికుక్కల సంరక్షణ చూసే వాలంటీర్లు, విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. సెలవులకు ఇక్కడికి వచ్చి, సంక్రాంతి అయ్యాక తిరిగి వెళ్లేవాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. టికెట్లు ఎప్పుడో కొనేసి ఉంటారు. పచ్చళ్లు, పొడులు సర్దడం కూడా మొదలై ఉంటుంది. ఆ టికెట్ మీదే, ఆ విమానంలోనే, దత్తత ఖాయమైన ఒక కుక్క తన ఇంటికి చేరొచ్చు. అలా వెంట తీసుకెళ్లేవాళ్లనే ఫ్లైట్ వాలంటీర్లు అంటున్నారు. మీరు ఎలాగూ వెళ్తున్నారు, మీతోపాటు అదీ వస్తుంది.

వినడానికి చిన్న పనే. కానీ ఆ కుక్కకు సంబంధించిన కాగితాల మీద మీ పేరు ఉంటుంది. ఆ పేరు విలువ ఏమిటో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు, మనిషి ఎందుకు కావాలో చెబుతాను. కుక్కను విమానంలో పంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి కార్గో. సరుకు పంపినట్టే ఏజెంటు ద్వారా బుక్ చేయాలి, దేశం దాటిస్తే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. రెండోది ప్రయాణికుడి వెంట పంపడం. చిన్న కుక్కయితే కొన్ని ఎయిర్‌లైన్స్ క్యాబిన్‌లోనే సీటు కింద పెట్టుకోనిస్తాయి. పెద్దదైతే క్రేట్‌లో, అంటే ప్రయాణానికి వాడే గట్టి పెట్టెలో, విమానం కింది భాగంలో వెళ్తుంది. అక్కడ చీకటిగా, చప్పుడుగా ఉంటుంది కానీ, జంతువుల్ని ఎక్కించే చోట గాలి పీడనం మనం కూర్చున్న చోట ఉన్నట్టే ఉంటుంది, ఉష్ణోగ్రత కూడా అదుపులో ఉంటుంది. ఈ రెండో దారిలో ఖర్చు బాగా తగ్గుతుంది. ఒక కుక్కకయ్యే కార్గో ఖర్చుతో రెస్క్యూ చేసేవాళ్లు ఇక్కడ ఎన్నో కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు వేయించగలరు. అందుకే వాళ్లు టికెట్ ఉన్న మనిషి కోసం అంతగా వెతుకుతారు.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో 2003లో మొదలైన సోయి డాగ్ ఫౌండేషన్ ఇలాగే ప్రయాణికుల వెంట కుక్కల్ని ఖండాలు దాటించింది. దక్షిణ కొరియాలో మాంసం కోసం పెంచే ఫారాల నుంచి విడిపించిన కుక్కలు ఇంచియాన్ విమానాశ్రయం నుంచి అమెరికాకు వెళ్తున్నది కూడా చాలాసార్లు ఇలాంటి ప్రయాణికుల సాయంతోనే. ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ కొరియా పార్లమెంటు 2024 జనవరిలో చట్టం చేసింది, 2027 నుంచి అది అమలులోకి వస్తుంది. అమెరికాకే చెందిన ప్యూర్టో రికో దీవిలోని వీధికుక్కలదీ ఇదే దారి, విమానమెక్కి అమెరికా ప్రధాన భూభాగానికి చేరుతుంటాయి.

మన దగ్గర నుంచి వెళ్లేవి ఎలాంటివి? ఎక్కువగా ఇక్కడ ఇల్లు దొరకనివి. బండి గుద్ది కాలు తీసేయాల్సి వచ్చినవి, వెనక కాళ్లు చచ్చుబడి చక్రాల బండి మీద నడిచేవి, చూపు పోయినవి. వీటిని తిరిగి వీధిలో వదలలేం. ఇక్కడ దత్తత ప్రకటన పెడితే 'పప్పీ ఉందా, లాబ్రడార్ ఉందా' అని అడిగేవాళ్లే ఎక్కువ. మూడు కాళ్ల నల్లకుక్క ఫోటో చూసి ఫోన్ చేసేవాళ్లు అరుదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మన వీధుల్లో తరతరాలుగా బతుకుతున్న, మన ఎండకు తట్టుకునే, తెలివైన, నమ్మకమైన కుక్క మనకే పనికిరానిదైపోయింది. అందుకే మొదట ఇక్కడి ఇళ్లలోనే అడగాలి. హైదరాబాద్‌లో దొరక్కపోతే బెంగళూరు, పుణె. అక్కడా దొరకనప్పుడే సముద్రం దాటే మాట. ఈ వరుస తప్పించి, విదేశం అనగానే గొప్ప అనుకుని పంపేవాళ్లకు సాయం చేయొద్దని నా మనవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి అమెరికాలోని షికాగోకు ముప్పై మూడు కుక్కలు వచ్చాయి. తీసుకొచ్చినవాళ్లది మంచి ఉద్దేశమే, దత్తత కోసమే తెచ్చారు. టీకా వేసినట్టు కాగితాలున్నాయి. అందులో ఒక కుక్క పెన్సిల్వేనియాలో ఒక ఇంటికి చేరాక దానికి రేబిస్ ఉన్నట్టు తేలింది. మిగతా కుక్కలు అప్పటికే రకరకాల రాష్ట్రాలకు వెళ్లిపోయాయి. వాటన్నిటినీ, వాటిని ముట్టుకున్న మనుషుల్నీ వెతకాల్సి వచ్చింది. కుక్కల నుంచి కుక్కలకు సోకే రేబిస్ రకం తమ దేశంలో లేదని అమెరికా 2007లోనే ప్రకటించుకుంది. ఆ దేశం అంత కష్టపడి తరిమేసిన జబ్బు క్రేట్‌లో కూర్చుని తిరిగొచ్చింది. అప్పటికే తప్పుడు టీకా కాగితాలతో వచ్చే కుక్కలు పెరిగిపోయాయని, అదే ఏడాది జులై 14 నుంచి, రేబిస్ ముప్పు ఎక్కువని వాళ్లు లెక్కవేసిన వందకు పైగా దేశాల కుక్కల రాకను అమెరికా నిలిపేసింది. ఆ జాబితాలో మన దేశం కూడా ఉంది.

ఇక్కడ అన్ని నెలలు ఎదురుచూసిన కుక్కలు ఏ తప్పూ చేయలేదు. వాటి పత్రాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా దారి మూసుకుపోయింది. ఎక్కడో కొందరు తప్పుడు టీకా కాగితాలు చూపించడం వల్ల ఇదంతా జరిగింది. మీరు విమానాశ్రయంలో ఇచ్చే సంతకం, చెప్పే మాట ఎంత బరువైనవో దీన్నిబట్టి ఆలోచించండి. వాలంటీర్ చేసే సాయం ఆ ఒక్క కుక్కతో ఆగదు. వెనక వచ్చే కుక్కల దారి తెరిచి ఉంచేదీ మీ నిజాయితీయే.

మనల్ని ఎందుకు అనుమానిస్తారు అని కొందరికి కోపం వస్తుంది. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్క మనకు అవమానం అనుకోవడం కంటే, ఆ నియమాలు ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవడం మంచిది.

ఆ నిలిపివేత ముగిసి, 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కొత్త నియమాలు అమలులోకి తెచ్చింది. మన దగ్గర టీకా వేయించిన కుక్కకు ఏమేం కావాలో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. కుక్కకు కనీసం ఆరు నెలల వయసు ఉండాలి. ముందు చర్మం కింద గుర్తింపు నంబరు ఉన్న మైక్రోచిప్ పెట్టాలి, ఆ తర్వాతే రేబిస్ టీకా. చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు, ఎందుకంటే టీకా పడింది ఈ కుక్కకే అని రుజువు ఉండదు. మొదటి టీకా తర్వాత ముప్పై రోజులు ఆగి రక్తం తీసి, టీకా పట్టిందో లేదో చూసే టైటర్ పరీక్షకు సీడీసీ ఒప్పుకున్న ల్యాబ్‌కు పంపాలి. రక్తం తీసిన తర్వాత కనీసం ఇరవై ఎనిమిది రోజులు గడిచేదాకా అమెరికాలో దిగకూడదు. ఈ పరీక్ష లేకుండా తీసుకెళ్తే అక్కడ ఇరవై ఎనిమిది రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. ప్రభుత్వ పశువైద్యాధికారి ధృవీకరించిన పత్రం కావాలి. సీడీసీ ఆన్‌లైన్ ఫారం నింపాలి. దత్తత కోసం తీసుకెళ్లే కుక్కకు అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి. ఇటు మన వైపు నుంచి, ప్రయాణానికి కొద్ది రోజుల ముందు యానిమల్ క్వారంటైన్ కార్యాలయంలో కుక్కను చూపించి ఎగుమతి పత్రం తీసుకోవాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉండటం మన అదృష్టం.

ఇవన్నీ చేయాల్సింది మీరు కాదు, రెస్క్యూ సంస్థ. కానీ ప్రతి కాగితాన్నీ మీరు చూడాలి. చిప్ నంబరు పదిహేను అంకెలు. స్కానర్ పెట్టి కుక్క మీద చదివించండి. అదే నంబరు టీకా పుస్తకంలో, ల్యాబ్ రిపోర్టులో, సీడీసీ ఫారంలో ఉందో లేదో ఒక్కొక్క అంకె చూసుకోండి. 'కంగారు పడకండి, మేం చూసుకుంటాం' అనేవాళ్లు ఉంటారు. మీరే చూసుకోండి. ఎవరైనా చూపించడానికి ఇష్టపడకపోతే ఆ ప్రయాణం ఒప్పుకోవద్దు.

ఇంకొకటి. ఇలాంటి కుక్కల్ని సీడీసీ దగ్గర నమోదైన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దించాలి. నియమాలు వచ్చినప్పుడు అలాంటివి ఆరు: అట్లాంటా, లాస్ ఏంజెలెస్, మయామీ, న్యూయార్క్ జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్. ఆ జాబితా మారుతుంటుంది కాబట్టి బయలుదేరే ముందు మళ్లీ చూడాలి. మన వాళ్లు ఎక్కువగా వెళ్లే డాలస్, శాన్ ఫ్రాన్సిస్కో ఆ ఆరింటిలో లేవు. అమెరికాలో మొదట దిగేది ఎక్కడ అన్నదే ముఖ్యం. దిగగానే కుక్క ఆ కేంద్రానికి వెళ్తుంది. అక్కడ డాక్టరు చూసి, మళ్లీ టీకా వేసి, కాగితాలు సరిచూశాక దత్తత తీసుకున్నవాళ్లకు అప్పగిస్తారు. ఫోటోల్లో చూస్తుంటాం కదా, అరైవల్స్ దగ్గర బెలూన్లు పట్టుకున్న కుటుంబం, క్రేట్ తలుపు తీయగానే ఒళ్లోకి దూకే కుక్క. మీకు ఆ దృశ్యం దొరకకపోవచ్చు. మీరు కుక్కను అప్పగించి సూట్‌కేసులు తీసుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఆ కుటుంబాన్ని మీరు చూడనే చూడరు. అయినా చేయాలనిపిస్తేనే రండి.

కెనడా సంగతి వేరు. 2022 సెప్టెంబర్ 28 నుంచి రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వ్యాపారం కోసం తెచ్చే కుక్కలు రాకూడదని కెనడా నిషేధించింది. దత్తత కోసం వచ్చేవాటినీ ఆ లెక్కలోనే వేసింది. మన దేశం ఆ జాబితాలో ఉంది. కాబట్టి టొరంటో వెళ్లేవాళ్లను నేను అడగను. కొందరు మిమ్మల్ని అడుగుతారు: 'మీ సొంత కుక్క అని చెప్పండి, అక్కడ దిగాక మేం తీసుకుంటాం' అని. దయచేసి ఒప్పుకోకండి. ఆ కుక్క మీద ఎంత ప్రేమ ఉన్నా సరే. అధికారి ముందు మీరు ఆడే ఆ ఒక్క అబద్ధం తప్పుడు టీకా కాగితం లాంటిదే. యూరప్‌లోనూ అంతే, సొంత కుక్కను వెంట తీసుకెళ్లడానికి ఒక నియమం, ఇంకొకరికి అప్పగించడానికి తీసుకెళ్లడానికి ఇంకో నియమం. బ్రిటన్‌కైతే విమానంలో కుక్క కార్గోగానే చేరాలి, వాలంటీర్ దారి లేదు.

ఇక ప్రయాణం రోజు. శంషాబాద్‌కు మామూలు కంటే ముందు చేరుకోండి, నాలుగు గంటలైనా ఉండాలి. కుక్కను రెస్క్యూవాళ్లు తీసుకొస్తారు. అప్పటికి దాన్ని బాగా నడిపించి, నాలుగైదు గంటల ముందు కొంచెమే తినిపించి ఉంచాలి. క్రేట్‌లో అది లేచి నిలబడి, చుట్టూ తిరిగి, పడుకోగలగాలి. నీళ్ల గిన్నె తలుపుకు బిగించి ఉండాలి. మత్తుమందు మాత్రం ఎవరిచ్చినా వద్దనండి. భయంతో అరుస్తుంది కదా, నిద్రపోతే మంచిది కదా అని మన మనసుకు అనిపిస్తుంది. కానీ ఆకాశంలో ఆ మందు రక్తపోటును, ఊపిరిని దెబ్బతీస్తుంది. చూడటానికి పక్కన ఎవరూ ఉండరు. దానికి నిజంగా పనికొచ్చేది కొన్ని వారాల ముందు నుంచి క్రేట్‌ను ఇంట్లో పెట్టి, అందులోనే అన్నం పెట్టి, అందులోనే పడుకోబెట్టి అలవాటు చేయడం. ఆ పని చేసే ఫోస్టర్ కుటుంబాలకు, అంటే దత్తత దాకా కుక్కను ఇంట్లో ఉంచుకునేవాళ్లకు, నేను చేతులెత్తి దండం పెడతాను. దాని మెడలో వాళ్ల పాత దుప్పటి వాసన ఉంటుంది, ఆ దుప్పటి ముక్కే క్రేట్‌లో వేసి పంపుతారు.

అన్నిటికంటే ప్రమాదమైన నిమిషం సెక్యూరిటీ దగ్గర. క్రేట్‌ను ఖాళీగా ఎక్స్‌రేలో పెట్టాలి, కుక్కను బయటికి తీయాలి. చుట్టూ కొత్త మనుషులు, ట్రాలీల చప్పుడు, మైకులో ప్రకటనలు. వీధిలో పెరిగిన కుక్కకు భయం వేస్తే తెలిసిన పని ఒక్కటే, పరుగెత్తడం. కాలరు నుంచి తల వెనక్కి లాగేసుకోవడం దానికి క్షణం పని. అందుకే ఛాతీకి కట్టే హార్నెస్ ఒకటి, మెడపట్టీ ఒకటి, రెండింటికీ విడివిడిగా లీష్‌లు ఉండాలి. ఒకటి మీ చేతిలో, ఒకటి రెస్క్యూ మనిషి చేతిలో. ఫోన్ జేబులో పెట్టేయండి, ఫోటోలు తర్వాత. తిరిగి క్రేట్‌లోకి వెళ్లాక తలుపుకు ప్లాస్టిక్ టైలు బిగించండి. ఆ తర్వాత దేశంలో అయినా బయట అయినా, నాలుగు గోడలున్న గదిలోకో, తలుపులు వేసిన కారులోకో చేరేదాకా ఆ క్రేట్ తెరవకూడదు. పార్కింగ్‌లో 'పాపం, కాస్త కాళ్లు చాచుకోనీ' అని తెరిచేవాళ్లు ఉంటారు. వేల కిలోమీటర్లు దాటొచ్చిన కుక్క భాష తెలియని ఊళ్లో తప్పిపోయేది ఆ ఒక్క నిమిషంలోనే.

విమానం ఎక్కాక అటెండెంట్‌ను అడగండి, 'నాతో ఒక కుక్క వస్తోంది, ఎక్కించారా, కెప్టెన్‌కు తెలుసా' అని. మొహమాటపడకండి. అది అడగడానికే మీరు అక్కడ ఉన్నారు.

ఎవరు రావొద్దో కూడా చెబుతాను. మొదటిసారి చదువుకు వెళ్తున్న పిల్లలు వద్దు. వీసా, ఇమిగ్రేషన్, కొత్త దేశం టెన్షన్ వాళ్లకు చాలు. మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కుతున్న పెద్దవాళ్లు వద్దు. రెండు వేర్వేరు టికెట్లు కొని మధ్యలో మారేవాళ్లు వద్దు, మొదటి ఎయిర్‌లైన్ కుక్కను రెండోదానికి అందించదు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లు కూడా ఆలోచించాలి, మన రన్‌వే ఎండ క్రేట్‌లో ఉన్న ప్రాణికి చాలా కష్టం. సంక్రాంతి తర్వాత తిరిగి వెళ్లేవాళ్లు, రెండు మూడుసార్లు ఆ దారిలో తిరిగినవాళ్లు, నిదానం ఉన్నవాళ్లు బాగా పనికొస్తారు. అవతలి ఊరు గడ్డకట్టే చలిలో ఉంటే మాత్రం ఎయిర్‌లైన్ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి.

(సభలో ఒక పెద్దాయన: అమ్మా, ఇక్కడ పసిపిల్లల్ని కుక్కలు కరిచి చంపుతున్నాయి. ఒక్క కుక్కను అమెరికా పంపడానికి ఇంత ఖర్చా?)

మంచి ప్రశ్న అడిగారు బాబాయిగారూ. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ వీడియో మనలో చాలామంది చూశాం. నేను ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల గురించి మాట్లాడలేను. విమానాల వల్ల వీధికుక్కల సమస్య తీరదు, తీరుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. దానికి మందు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, ప్రతి ఏటా టీకాలు, వీధిలో చెత్త లేకుండా చూడటం. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు ఆ ఆపరేషన్ల బాధ్యత స్థానిక సంస్థల మీదే పెట్టాయి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు 1990ల నుంచి ఆ పని చేస్తున్నాయి. మీరు మీ కాలనీలో పది కుక్కలకు ఆపరేషన్ చేయిస్తే, ఒక కుక్కను విమానం ఎక్కించడం కంటే పెద్ద పని చేసినట్టు. నేను ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. విమానం ఎక్కేది వీధికి తిరిగి వెళ్లలేని కుక్క మాత్రమే. దాని ఖర్చులో ఎక్కువ భాగం దత్తత తీసుకునే కుటుంబం పెట్టుకుంటుంది. ఆపరేషన్ల డబ్బు తీసి టికెట్ కొనే సంస్థ ఉంటే నేనూ దానికి వ్యతిరేకమే.

(ఒక ప్రశ్న: వాలంటీర్‌కు ఖర్చేమైనా ఉంటుందా? దారిలో కుక్కకు ఏమైనా అయితే?)

మీ టికెట్ మీది, అంతే. క్రేట్, పరీక్షలు, ఎయిర్‌లైన్ రుసుము, అక్కడి కేంద్రం ఖర్చు, అన్నీ సంస్థో కుటుంబమో పెట్టుకోవాలి. మీకు ఎవరైనా డబ్బు ఇస్తామన్నా తీసుకోకండి, అప్పుడది సాయం కాదు, వ్యాపారం అవుతుంది. క్రేట్‌లో దుప్పటి, గిన్నె తప్ప వేరే వస్తువు ఏదీ పెట్టనివ్వకండి, మీ కళ్లముందే సర్దించుకోండి.

దారిలో ఏమైనా అయితే అన్నారు. అరుదే, కానీ జరగదని చెప్పలేను. ముక్కు నొక్కుకుపోయిన జాతులకు, గుండె జబ్బు ఉన్నవాటికి, బాగా ముసలివాటికి ముప్పు ఎక్కువ. అలాంటివాటిని నేనైతే తీసుకెళ్లను. డాక్టరు పరీక్ష ప్రయాణానికి దగ్గరలో జరిగిందో లేదో చూడండి. విమానం ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి, మధ్యలో ఆగిపోతే కుక్కను ఎవరు చూసుకోవాలి, ప్రాణం పోతే బాధ్యత ఎవరిది, ఇవన్నీ ముందే ఒక కాగితం మీద రాయించుకుని రెండు వైపులా సంతకాలు పెట్టించండి. మంచి సంస్థ ఇలా అడిగితే సంతోషిస్తుంది.

(ఒక యువతి: అమెరికా వెళ్లే పని లేదక్కా, మేం ఏం చేయగలం?)

చాలా ఉందమ్మా. బెంగళూరు, ముంబై, ఢిల్లీ తిరుగుతుంటావు కదా. ఇక్కడి నుంచి ఆ ఊళ్లకు దత్తతకు వెళ్లే కుక్కలు ఎక్కువ, వాటికి ఇన్ని కాగితాలు అక్కర్లేదు. టీకా పుస్తకం, డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటే సరిపోతుంది. ఎయిర్ ఇండియా తీసుకుంటుంది, ఆకాసా ఎయిర్ 2022 నవంబర్ నుంచి తీసుకుంటోంది. ఇండిగో పెంపుడు జంతువుల్ని ఎక్కించుకోదు. బరువు హద్దులు మారుతుంటాయి, బుక్ చేసే ముందు కనుక్కో. రైల్లోనూ ఫస్ట్ ఏసీ కూపే మొత్తం తీసుకుంటే వెంట పెట్టుకోవచ్చు. దిగాక కుక్కను అప్పగించేటప్పుడు ఆ కుటుంబం ఇల్లు ఎవరైనా వెళ్లి చూశారా అని మాత్రం తప్పకుండా అడుగు. బాల్కనీకి గ్రిల్ ఉందా, గేటు కింద సందు ఉందా అని కూడా.

జనవరిలో టికెట్ ఉన్నవాళ్లు ఆ బల్ల దగ్గర తేదీ, ఎయిర్‌లైన్, అమెరికాలో మొదట దిగే విమానాశ్రయం రాసి వెళ్లండి. టైటర్ రిపోర్టు వచ్చి, అనుమతులు అయిపోయి, ఒక్క మనిషి దొరక్క ఆగిపోయిన కుక్కలున్నాయి. వాటి సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది, దాటితే కొన్ని మళ్లీ మొదలుపెట్టాలి. జేఎఫ్‌కేలో గానీ, డల్లెస్‌లో గానీ దిగేవాళ్లుంటే ముందు నాతో మాట్లాడండి.